గోళీలాడని బళ్ళు

మా మావయ్య ఎడంచెయ్యి పైకెత్తితే వీధి మొత్తం నోరు మూసుకుంటుంది.

ఆయన నాకు పిల్లనిచ్చిన మావగారు. పాత పెట్రోలు జీపులు, అంటే రోడ్డు లేని చోట్లకి కూడా నాలుగు చక్రాలతో ఈడ్చుకుపోయే మొండి బళ్ళు బాగుచేస్తారు. కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డు ముందు ఏదో ఒక జీపు బానెట్ ఎత్తి ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయన నడుం వంచి, తల లోపలికి దూర్చి, చెయ్యి పైకెత్తి "ఉష్!" అంటారు. అంతే, పక్క కొట్టు టైలరు మిషన్ తొక్కడం ఆపేస్తాడు. ఎదురింటి రేడియో గొంతు తగ్గిపోతుంది. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు బెల్లు కొట్టకుండా దిగి నడిపించుకుంటూ పోతారు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఒకడు మొదటిరోజు ఈ నిశ్శబ్దం చూసి, ఎవరో పోయారనుకుని టోపీ తీసి రెండు నిమిషాలు నిలబడ్డాడట. ఈ అలవాటు వల్లే మావయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెద్దవాళ్ళకి ఉష్ గారు, పిల్లలకి ఉష్ తాత.

ఆయన అంత శ్రద్ధగా వినేది ఇంజన్ లోపల నిప్పురవ్వ పడే సమయాన్ని. పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోలు ఆవిరినీ కలిపి నొక్కుతుంది. అది పైకొసకి చేరాక రవ్వ పడితే ఆలస్యమే, ఎందుకంటే మంట పూర్తిగా అంటుకోవడానికి కూడా కాస్త వ్యవధి కావాలి. కాబట్టి కొంచెం ముందే పడాలి. మరీ ముందు పడిందా, పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన మొట్టికాయ వేసినట్టే. ఎంత ముందు అన్నదే టైమింగు. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ ముక్క బోర్డు మీద బొమ్మలేసి చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడతాయి. మావయ్య ఒక్క మాటలో తేల్చేస్తారు: "ఊయల ఎప్పుడు తొయ్యాలో మీ పిల్లలకి నోట్సు ఇస్తావా? చేతికి తెలుస్తుంది. అంతే."

రవ్వని నాలుగు సిలిండర్లకీ వంతులవారీగా పంచే గుండ్రటి డబ్బా ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్ అని. దాని మెడ దగ్గర బోల్టు వదులు చేసి, డబ్బాని వెంట్రుకవాసి అటు తిప్పితే రవ్వ ముందుకి జరుగుతుంది, ఇటు తిప్పితే వెనక్కి. అయితే దానికంటే ముందు ఒక తంతు ఉంది. రవ్వ పుట్టించే ప్లగ్గుల్లో మొదటిది విప్పి, ఆ కన్నం మీద బండి సొంతదారు చేత బొటనవేలు పెట్టిస్తారు. తను హ్యాండిల్ పట్టుకుని ఇంజన్‌ని మెల్లగా తిప్పుతారు. పిస్టన్ పైకి వస్తుంటే గాలి వేలిని తోస్తుంది.

"ఊపిరి తగిలిందా?"

"తగిలిందండీ."

"అయితే బతికే ఉంది. పని మొదలుపెడదాం."

ఈ వేలేదో ఆయనే పెట్టుకోవచ్చు. కానీ బండి ఊపిరి సొంతదారే చూడాలని ఆయన పట్టు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, చొక్కా చేతులు మడిచి వేలు నల్లగా చేసుకోవాల్సిందే. సొంతదారు రాని ఒకరోజు నేను మొదటిసారి వేలు పెట్టినప్పుడు ఆయన మేడమెట్ల మీదున్న అత్తయ్య కేసి తిరిగి, "అల్లుడుగారికి దీంట్లో బాగా చెయ్యి తిరిగిందే!" అన్నారు. మామూలుగా ఆయన నన్ను అల్లుడూ అంటారు. 'గారు' తగిలించారంటే దెప్పబోతున్నారని అర్థం. "పడుకున్న పిల్ల ముక్కు కింద రోజూ వేలు పెట్టి సాధన చేస్తున్నారు మరి."

అది నిజమే. మా బుజ్జికి ఎనిమిది నెలలు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే నాలుగుసార్లు చూస్తాను. అయిదోసారి చూస్తే మా ఆవిడ తిడుతుంది.

ఇక గోళీల సంగతి. రవ్వ మరీ ముందు పడే ఇంజన్‌లోంచి సన్నగా ఒక చప్పుడొస్తుంది, రేకు డబ్బాలో గాజు గోళీలు వేసి ఆడించినట్టు. "బండి గోళీలాడుతోంది" అంటారు మావయ్య. ఆయన పద్ధతంతా ఆ చప్పుడు మీదే నడుస్తుంది. డబ్బాని కొంచెం కొంచెంగా ముందుకి తిప్పుతారు. లోపల కూర్చున్నవాడి చేత యాక్సిలరేటర్ గబుక్కున తొక్కిస్తారు. గోళీలు వినపడగానే ఓ వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి బోల్టు బిగించేస్తారు. దీపాలూ లేవు, మీటర్లూ లేవు. పెళ్ళయిన కొత్తలో నేను మా ల్యాబులోంచి ఇంజన్ పుల్లీ మీది గుర్తు చూపించి టైమింగు చెప్పే మెరుపు దీపం ఒకటి పట్టుకొచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది" అని అల్మారాలో పెట్టేశారు. ఆదివారాలు యాక్సిలరేటర్ తొక్కే ఉద్యోగం మాత్రం నాకిచ్చారు.

ఈ ఏడాది మొదట్లో ఆయన ఒక కొత్త సంగతి కనిపెట్టారు.

"అల్లుడూ, గమనించావా? ఈ మధ్య బళ్ళు గోళీలాడటం మానేశాయి. ఎంత ముందుకి తిప్పినా కిమ్మనవు."

"ఎందుకంటారు?"

"పెట్రోలు బాగుపడింది. లోకంలో ఏదో ఒకటైనా బాగుపడాలి కదా."

నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, పెట్రోలుని ఎలా శుద్ధి చేస్తారో, దాంట్లో గోళీలని ఆపే ఆక్టేన్ సంఖ్య అంటే ఏమిటో పావుగంట చెప్పాను. ఆయన చివరిదాకా విని, టైలరు కేసి తిరిగి, "విన్నావుటయ్యా? సైన్సు కూడా నా మాటే అంటోంది" అన్నారు. సీట్లో కూర్చుని తొక్కేటప్పుడు నాకేదో చిలచిలమని వినపడుతూనే ఉండేది. పాతబండి కదా, ఏ రేకో వదులయ్యుంటుందనుకున్నాను. ఇప్పుడు ఆ పావుగంట గుర్తొస్తే ఎవరూ చూడకపోయినా తల దించుకుంటాను.

పశువుల డాక్టరమ్మ జీపు నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆవిడ దాన్ని వేసుకుని గుట్టల మీదున్న కొట్టాలన్నీ తిరుగుతుంది. ఆ నెలలో మూడోసారి దాన్ని తీసుకొచ్చి షెడ్డు ముందు ఆపి, దిగకుండా కాసేపు స్టీరింగ్ మీద చేతులేసుకుని కూర్చుంది.

"ఉష్ గారూ, నామీద మీకేమైనా కోపమా?"

"అయ్యో, అదేం మాటమ్మా!"

"మరి దీనికుందేమో. ఎగువ వచ్చేసరికి లాగడం లేదు. రెండు మలుపులకే నీళ్ళు మరిగిపోతున్నాయి. వేడెక్కాక స్టార్ట్ చేస్తే వెనక్కి తన్నినట్టు ఉలిక్కిపడుతోంది. నిన్న ఈనలేక అవస్థ పడుతున్న ఆవు దగ్గరికి సగం దూరం నడిచి వెళ్ళాను. దూడ కాళ్ళు అప్పటికే బయటికొచ్చేశాయి."

"బతికిందా?"

"రెండూ బతికాయి. నాకే ఇంకా మోకాళ్ళు కుదుటపడలేదు."

నవ్వుతూనే అంది గానీ, వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి ఇంకోమాట కూడా అంది. ఈసారి కూడా బాగుపడకపోతే ఇక ఆఫీసువాళ్ళని వేరే బండి అడుగుతానని. మావయ్య "గోళీల చప్పుడేమీ లేదమ్మా, టైమింగు దివ్యంగా ఉంది" అని గొణిగారు. డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు గీకి, వాటి మధ్య సందు సరిచూశారు. కొత్త ప్లగ్గులు వేశారు. రేడియేటర్ విప్పి కడిగారు. తప్పు ఎక్కడుందో అక్కడ తప్ప బండి అంతటా వెతికారు.

ఆరోజు భోజనాల దగ్గర అత్తయ్య గరిటె కింద పెట్టి, "కొట్టు మూసేద్దామండీ" అంది.

మావయ్య నమలడం ఆపేశారు. "ఎందుకూ?"

"ఈ నెలలో తిరిగొచ్చిన బళ్ళు ఇది కాక రెండున్నాయి. డాక్టరమ్మ నడవగలిగింది కాబట్టి సరిపోయింది. రేపెప్పుడో ఎగువలో ఆగి వెనక్కి జారితే? ఆ పాపం ఎవరు మొయ్యాలి?"

"నా చేత్తో సరిచేసిన బండి జారదు."

"అయితే ఆదివారం డాక్టరమ్మని ఎక్కించుకుని నీళ్ళ ట్యాంకు గుట్ట ఎక్కించండి. మూడో గేర్లో, మధ్యలో ఆపకుండా. ఎక్కిందా, నేను మళ్ళీ ఈ మాటెత్తితే అడగండి. ఎక్కలేదా, ఆ సాయంత్రం షట్టర్ దించి తాళంచెవి నా చేతిలో పెట్టాలి."

"పెడతాను."

"బుజ్జి మీద ఒట్టు?"

"పిల్లని మధ్యలోకి లాగకండి!" అన్నాను నేను. ఆ ఇంట్లో నేను గొంతు పెంచింది అదే మొదటిసారి. మా ఆవిడతో సహా ముగ్గురూ నాకేసి చూసి, మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టారు. పందెం మాత్రం ఖాయమైపోయింది.

ముప్పై నాలుగేళ్ళుగా పొద్దున్నే ఏడింటికి ఆ షట్టర్ ఎత్తుతున్న మనిషి ఆయన. పండగలకి ఎత్తారు, జ్వరాలకి ఎత్తారు, కూతురి పెళ్ళి రోజున కూడా 'గాలి ఆడాలి' అని ఒక అరగంట ఎత్తారు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం నేను కిందికి వెళ్ళేసరికి స్పానర్లన్నీ తుడిచి, చిన్నదాని పక్కన పెద్దది వచ్చేలా గోడకి తగిలిస్తున్నారు. ఆ గోడకి మేకులుండటమే నేనెప్పుడూ చూడలేదు. స్పానర్లు ఎప్పుడూ నేలమీదే ఉండేవి.

"ఏంటి మావయ్యా, ఈ సర్దుడు?"

"ఎవరికైనా ఇచ్చెయ్యాల్సొస్తే వరసలో ఉండాలి కదా" అన్నారు, నా మొహం చూడకుండా. తర్వాత సర్దుకుని, "మీ అత్తయ్య సంబరం రెండ్రోజులే. పెట్రోలు నా పక్షాన ఉంది" అన్నారు.

శుక్రవారం నాడు బుజ్జికి టీకా వేయించాం. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. వెచ్చబడుతుందని పిల్లల డాక్టరు ముందే చెప్పింది. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది. అయినా నేను అరగంటకోసారి థర్మామీటర్ పెట్టి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతున్నాను. మావయ్య పిల్లని ఒళ్ళో వేసుకుని, "ఇటివ్వు, నువ్వు కాసేపు టీ తాగు. నీ చేతులు చూస్తే దానికంటే నీకే జ్వరమున్నట్టుంది" అన్నారు.

చంకలో థర్మామీటర్ పెట్టారు. నిమిషం గడిచింది. అది సన్నగా కూసింది. బుజ్జి చటుక్కున తల తిప్పి తన చంకకేసి చూసుకుంది. మావయ్య కదల్లేదు. కాసేపయ్యాక అన్నారు కదా: "ఇదేంటి అల్లుడూ, ఇంకా కూయదు? పాడైపోయిందేమో."

"మళ్ళీ పెట్టండి" అన్నాను.

మళ్ళీ కూసింది. మళ్ళీ బుజ్జి చూసింది. మళ్ళీ మావయ్య ఎదురుచూశారు.

"ఇంకొక్కసారి పెట్టండి మావయ్యా." ఒకసారి జరిగితే పొరపాటు, రెండుసార్లు జరిగితే యాదృచ్ఛికం, మూడుసార్లు చూడనిదే మా శాస్త్రం ఒప్పుకోదు. మూడోసారి కూడా అంతే. ఆయన వెనక్కి వెళ్ళి మెల్లగా "మావయ్యా" అన్నాను. "ఆఁ, ఇక్కడే ఉన్నా, చెప్పు" అన్నారు వెంటనే.

నాకు విషయం తెలిసిపోయింది. ఏళ్ళతరబడి మోతల మధ్య పనిచేసిన చెవుల్లోంచి ముందుగా పోయేవి సన్నటి చప్పుళ్ళే. మాటలు వినపడతాయి. ఇంజన్ హోరు వినపడుతుంది. థర్మామీటర్ కూత వినపడదు. గోళీలు వినపడవు. బళ్ళు గోళీలాడటం మానలేదు. పెట్రోలూ బాగుపడలేదు. గోళీలు వినపడేదాకా ముందుకి తిప్పడం ఆయన పద్ధతి. వినపడవు కాబట్టి ఆయన తిప్పుతూనే ఉన్నారు. ఆ ముసలి ఇంజన్లన్నీ నెత్తిన మొట్టికాయలు తింటూ ఎగువ ఎక్కుతున్నాయి.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆమె చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, "నువ్వు చెప్పు నాన్నకి" అంది.

"నేనా? అల్లుణ్ణి! మీ చెవులు పోయాయండీ అని నేనెలా చెబుతాను? మీ నాన్న కదా, నువ్వు చెప్పు."

"నేను చెబితే ఏడుస్తాను. సైన్సు నీది, నువ్వే చెప్పు. బొమ్మ గీసి చెప్పు."

"మీ అమ్మకి తెలుసంటావా?"

"ఆర్నెల్లుగా తెలుసు" అంది అత్తయ్య వెనకనుంచి. ఆవిడ బియ్యం డబ్బా దగ్గర ఎప్పుడొచ్చి కూర్చుందో మేం చూడలేదు. "స్టవ్ మీద కెటిల్ ఈలవేస్తుంటే దాని పక్కనే నిలబడి, నీళ్ళు ఇంకా కాగలేదేమే అంటాడాయన."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్పా."

"ఏమన్నారు?"

"వినపడలేదన్నాడు."

మా ఆవిడకి నవ్వొచ్చింది, అంతలోనే ఆపుకుంది. అత్తయ్య నవ్వలేదు. "రెండోసారి గట్టిగానే చెప్పా. వంటింట్లో చప్పుళ్ళు వేరు, షెడ్డులో చప్పుళ్ళు వేరు, అక్కడ నాకు చీమ నడిచినా వినపడుతుందన్నాడు. ఇక నోటితో చెబితే లాభం లేదని గుట్టకి అప్పగించాను. తాళంచెవి నా చేతికొస్తే వచ్చింది. మనుషుల ప్రాణాలతో చెలగాటమైతే వద్దు."

ఆదివారం పొద్దున్న టైమింగు కార్యక్రమానికి వీధి మొత్తం హాజరు. డాక్టరమ్మ వేలు పెట్టింది, ఊపిరి తగిలింది, బండి బతికే ఉందని తేలింది. నేను సీట్లో కూర్చున్నాను. మావయ్య చెయ్యెత్తి "ఉష్!" అన్నారు. మిషన్ ఆగింది. రేడియో ఆగింది. టైలరు కొట్లో చొక్కా కొలతలిస్తున్న ఆయన చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాడు.

నేను తొక్కాను. గలగలమని గోళీలు. ఇప్పుడు వినడం తెలిసింది కదా, ఒకటా రెండా, సంచీడు. మావయ్య తల ఊపి డబ్బాని ఇంకాస్త ముందుకి తిప్పారు. నేను టైలరు కేసి చూశాను. అతను నేలకేసి చూస్తున్నాడు. ఎదురింటావిడ కిటికీ రెక్క సగం మూసింది. అప్పుడర్థమైంది, వీధి మొత్తానికీ తెలుసు. ఆయన వినడం కోసం అందరూ నిశ్శబ్దంగా ఉంటున్నారు. ఆయనకి వినపడదని తెలిసి కూడా నిశ్శబ్దంగానే ఉంటున్నారు. "మావయ్యా..." అన్నాను. "ఉష్!" అన్నారు. నేనూ ఊరుకున్నాను.

బోల్టు బిగించి, చేతులు తుడుచుకుని, "బంగారం" అన్నారు.

ఆయన స్టీరింగ్ దగ్గర, పక్కన డాక్టరమ్మ, వెనక నేనూ అత్తయ్యా. బుజ్జి వాళ్ళమ్మ దగ్గర ఇంట్లోనే ఉంది. జ్వరం తగ్గింది. ఆ సంగతి బయల్దేరే ముందు రెండుసార్లు రూఢి చేసుకున్నాను.

నీళ్ళ ట్యాంకు గుట్టకి మూడు మలుపులు. మొదటి మలుపు దగ్గరే గోళీలు మొదలయ్యాయి. మావయ్య కాలు నొక్కిన కొద్దీ అవి చెలరేగాయి. అద్దంలో ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా డాక్టరమ్మా? ఒక్క గోళీ లేదు!"

ఆవిడ కిటికీలోంచి గడ్డి చూడసాగింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. రెండో మలుపు తిరగ్గానే బండి ఆయాసపడి, వణికి, పొగలు కక్కుతూ ఆగిపోయింది. మావయ్య చేతిబ్రేకు లాగారు. అత్తయ్య అప్పటికే దిగి, ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టింది. అంత చురుగ్గా దిగిందంటే, ఆ రాయి ఎక్కడుందో వస్తూ వస్తూనే చూసిపెట్టుకుందన్నమాట.

ఆయన బానెట్ ఎత్తి చూశారు. బోల్టు ముట్టుకుని చూశారు. తర్వాత రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నారు. చొక్కా జేబు తడిమి, షట్టర్ తాళంచెవి తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు. ఆయన్ని పనివేళలో కూర్చుని ఉండగా చూడటం నాకు అదే మొదలు.

"తీసుకోవే" అన్నారు.

అత్తయ్య తీసుకోలేదు. ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే పందెం ఆవిడదే. ఆవిడ వెళ్ళి ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది.

"బండి గోళీలాడుతోందండీ. కింద బయల్దేరినప్పట్నుంచీ ఆడుతోంది. మీకు వినపడటం లేదు."

"నీకు వినపడుతోందా?"

"ముప్పై నాలుగేళ్ళుగా మీ షెడ్డు నెత్తిన కాపురం ఉంటున్నాను. ఏ బండి ఎన్ని గోళీలాడుతుందో బియ్యం ఏరుతూ చెప్పగలను."

ఆయన నాకేసి చూశారు. తప్పించుకోలేకపోయాను. "థర్మామీటర్ పాడవలేదు మావయ్యా. మూడుసార్లూ కూసింది" అన్నాను.

ఆయన తాళంచెవిని అరచేతిలో అటూ ఇటూ తిప్పారు. తర్వాత మెల్లగా అడిగారు: "బుజ్జికి వినపడిందా?"

"మూడుసార్లూ తిరిగి చూసింది."

"నిజంగానే చూసిందా? నువ్వు భయపడి ఏదీ దాచడం లేదు కదా?"

"గ్రాఫు కాగితం వెనక రాసిపెట్టాను."

"రాసే ఉంటావులే" అన్నారు. అని, ఊపిరి వదిలి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచారు. "అయితే సరే. పిల్లకి వినపడితే చాలు." తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుని, పదో నంబరు స్పానర్ బయటికి తీశారు. "ఏమే, ముందుకొచ్చి కూర్చో. నువ్వు విను, నేను తిప్పుతా. డాక్టరమ్మా, ఏమనుకోకుండా వెనక సర్దుకోండి."

నీళ్ళు చల్లారాక డబ్బాని ఓ వెంట్రుకవాసి వెనక్కి తెచ్చారు. బండిని మొదటి మలుపు కిందికి దించి మళ్ళీ ఎక్కించారు.

"ఉన్నాయి" అంది అత్తయ్య.

"ఎన్ని?"

"బోలెడు."

ఇంకాస్త వెనక్కి. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి.

"ఉన్నాయి. సగం తగ్గాయి."

"సగమంటే సగమేనా? సరిగ్గా విను."

"నేను సరిగ్గానే వింటున్నా. మీరు సరిగ్గా తిప్పండి."

నాలుగోసారి బండి మలుపు దగ్గర బరువు తీసుకుంటుండగా అత్తయ్య చెయ్యి పైకెత్తి "ఉష్!" అంది. ఆవిడ అలా అనడం ఆవిడకే వింతగా ఉన్నట్టుంది, చెయ్యి కాసేపు గాల్లోనే మర్చిపోయింది. "రెండు గోళీలు పడ్డాయి. అంతే. ఆగిపోయాయి."

"అదే! అదే కావాలి!" అని మావయ్య స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టారు. "ఎత్తుకునేటప్పుడు రెండు పడి ఆగాలి. అదే అసలు చోటు." రెండో మలుపు దాటాం. మూడోది దాటాం. మూడో గేర్లోనే ట్యాంకు గోడ పక్కకి వచ్చి ఆగాం. వెనక సీట్లోంచి డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను, తర్వాత ఇంటికి ఫోన్ చేసి బుజ్జి నిద్రపోతోందని తెలుసుకున్నాను.

"నోరు మూసుకుని ఉంటే గెలిచేదానివి కదే" అన్నారు మావయ్య, దిగుతూ.

"గెలిచి? పొద్దస్తమానం మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని ఏం చేసుకోను?"

అక్కడే, ఆ గుట్ట మీదే, డాక్టరమ్మ సంచిలోంచి పశువులకి గుర్తులు పెట్టే తెల్లరంగు అడిగి తీసుకుని, డిస్ట్రిబ్యూటర్ మెడ నుంచి ఇంజన్ మీదిదాకా ఒక గీత గీశారు. రెండు సగాలూ కలిస్తే టైమింగు సరిగ్గా ఉన్నట్టు. గీత కొంచెం వంకర పోయింది. ఇన్నాళ్ళూ అలాంటి గీత ఎందుకు పెట్టలేదని అడిగాను. "చెవులుండగా గీతలెందుకోయ్" అన్నారు.

చెవి డాక్టరు దగ్గరికి అత్తయ్యే తీసుకెళ్ళింది. చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. మాటలకి పనికొస్తుంది గానీ ఇంజన్ పక్కన పెట్టుకుంటే చెవిలో హోరు తప్ప ఏమీ ఉండదని ఆయన దాన్ని షెడ్డులోకి వచ్చేముందు తీసి జేబులో వేసుకుంటారు. తిరిగొచ్చిన మిగతా రెండు బళ్ళనీ కబురుపెట్టి పిలిపించుకున్నారు. ఇప్పుడు వాటిమీద కూడా తెల్లగీతలున్నాయి.

వీధికి మాత్రం ఒక చిక్కొచ్చిపడింది. మావయ్య ఎప్పటిలాగే చెయ్యెత్తుతారు. మిషన్ ఆగుతుంది, రేడియో ఆగుతుంది. కానీ వినాల్సిన మనిషి మేడమెట్ల మీదుంటుంది, ఎదురింటావిడతో మాట్లాడుతూ. మాట పూర్తయితే గానీ దిగదు.

"ఏమండీ ఉష్ గారూ, నా కత్తెర ఎంతసేపు గాల్లో పట్టుకోను?" అని టైలరు కేకేస్తాడు.

"నాకెందుకు చెబుతావు, మీ అక్కయ్యకి చెప్పు!"

"వస్తున్నా ఉండండి," అంటుంది అత్తయ్య పైనుంచి, "ముందు ఈ సంగతి చెప్పనివ్వండి." ఈ సంగతంటే నా సంగతే. అల్లుడు నిన్న పిల్ల ముక్కు కింద అయిదోసారి వేలు పెట్టి, మా ఆవిడ చేత చివాట్లు తిన్న సంగతి.